అప్ప బయట కూర్చోవాలి

ఆగస్టు 24, ఆదివారం పొద్దున్న నరసన్నపేట నుంచి టైలరింగ్ షాపు ఓనరు ఫోన్ చేశారు. "మీ తమ్ముణ్ణి ఇంటికి పంపేశానమ్మా. ఇంక నా వల్ల కాదు" అన్నారు. స్కూలు యూనిఫాం ప్యాంట్లు నలభై, అన్నీ అంగుళం పొట్టిగా కత్తిరించేశాడట. తొమ్మిదేళ్లుగా ఆ షాపులో కటింగ్ మాస్టారు మా తమ్ముడు. కొలత తప్పడం ఎరగడు. చేతులు వణుకుతున్నాయి, ఆ వణుకు ఆగడానికి పొద్దున్నే తాగుతున్నాడు. అదీ సంగతి.

తమ్ముడికి ముప్పై ఒక్క ఏళ్లు. పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఊళ్లో అందరూ "మూగోడు" అనే అంటారు. వాడికి మాట ఉంది, అది చేతుల్లో ఉంది. చిన్నప్పుడు బధిరుల హాస్టల్ స్కూల్లో చదివి సైగభాష నేర్చుకున్నాడు. ఇంట్లో మాది వేరే. అమ్మా నేనూ వాడూ కలిసి పెంచుకున్న సైగలు ఓ రెండు మూడొందలు ఉంటాయి. మీసం తిప్పితే నాన్న. ముక్కుపుడక మీద వేలు పెడితే నేను, అప్ప, అంటే అక్క. ఇవి చాలనే అనుకున్నాను ఇన్నేళ్లూ.

తాగుడు రెండేళ్లుగా ఉంది. కొత్త షాపులు వచ్చాక 99 రూపాయల క్వార్టర్ దొరుకుతోంది కదా, రోజుకి మూడు. ఒకటో తారీఖున వచ్చే 6,000 పెన్షన్ ఇరవై రోజులు కూడా ఆగేది కాదు. నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని, వాడూ అమ్మా ఊళ్లో. ఆదివారాలు వెళ్లి తిట్టి వచ్చేదాన్ని. సైగల్లో తిట్టడం కూడా నాకు వచ్చు.

ఆగస్టు 26న రాత్రి 14416కి, అంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ నంబరుకి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు. నాకు పనికొచ్చిన మాట ఒకటి అక్కడే దొరికింది: రోజూ ఇంత తాగే మనిషిని ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించొద్దు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదకి రావచ్చు, డాక్టరు దగ్గరే మాన్పించాలి అని. మేం సరిగ్గా ఆ తాళం ఆలోచనలోనే ఉన్నాం. చివర్లో "ఒకసారి ఆయనతో మాట్లాడించగలరా?" అని అడిగారు. వాడు పక్కనే మంచం మీద కూర్చుని నా పెదాలవంక చూస్తున్నాడు. వాడికి వినపడదని చెప్పాను. ఒక క్షణం ఆగి, అయితే నేరుగా సైకియాట్రిస్టుకి చూపించండి, సైగలు తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి అన్నారు. తెలిసినదాన్ని నేనున్నాను కదా అనుకున్నాను.

మా ఆయన తరఫు వాళ్లెవరో చెబితే ముందు ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్చాం. వినాయక చవితి వెళ్లిన రెండోరోజు, ఆగస్టు 29. నెలకి 15,000 అడ్వాన్సు. అక్కడి రూలు ఏమిటంటే నెల రోజులు ఇంటివాళ్లు రాకూడదు, ఫోను లోపల పెట్టుకోకూడదు. మిగతావాళ్లకి అది తాగుడు స్నేహితుల నుంచి దూరం పెట్టడం. మావాడికి ఫోను పోయిందంటే వీడియో కాల్ పోయింది, వీడియో కాల్ పోయిందంటే మనుషులే పోయారు. ఆ సంగతి గేటు దగ్గర నాకు తట్టలేదు. పొద్దున్నా సాయంత్రం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడించేవారట. వాడు నాలుగు రోజులు ఆ గుండ్రంలో కూర్చుని నోళ్లు కదలడం చూశాడు. ఐదో రోజు ఫోన్: "మీవాడు సహకరించడం లేదు, తీసుకెళ్లిపోండి." 5,000 తిరిగి ఇచ్చారు. కారుకి రానూ పోనూ రెండుసార్లకీ కలిపి 7,000 అయింది. ఇంటికొచ్చిన సాయంత్రమే మళ్లీ తాగాడు, ఈసారి ఇంకా ఎక్కువ.

సెప్టెంబరు 8, సోమవారం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. నాకు బస్సు ఉచితం, వాడికి దివ్యాంగుల పాసు మీద సగం టికెట్. ఓపీ చీటీ ఎనిమిదిన్నరకి దొరికింది. పేర్లు గట్టిగా పిలుస్తారు. నేను మంచినీళ్ల సీసా నింపుకొచ్చేలోగా వాడి పేరు పిలవడం, ఎవరూ లేవలేదని పక్కన పెట్టేయడం అయిపోయింది. మళ్లీ లైను. లోపలికి వెళ్లేసరికి పదకొండు ముప్పావు. ఎవరైనా ఇలా వెళితే చీటీ మీద ఎర్ర పెన్నుతో "వినపడదు, చేత్తో పిలవండి" అని రాయించండి. తర్వాతి నుంచి నేను అదే చేశాను.

డాక్టరుగారు ముప్పై ఐదేళ్లలోపు ఆవిడ. ప్రశ్నలు అడిగారు, నేను సైగల్లోకి మార్చాను. రోజుకి ఎంత? వాడు ఒక వేలు చూపించాడు. నేను "మూడు క్వార్టర్లండి" అన్నాను. నిద్ర పడుతుందా? వాడు ఏదో మొదలుపెట్టాడు, నేను మధ్యలోనే "అస్సలు పడదండి" అన్నాను. చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయా అని అడిగారు. ఆ ప్రశ్న వాడి దాకా తీసుకెళ్లనేలేదు నేను. చెవిటివాడికి మాటలేం వినిపిస్తాయి, "లేదండి" అని నేనే అనేశాను. ఆవిడ పెన్ను ఆపి నావంక చూశారు. "అమ్మా, ఆయన ఇంకా చెయ్యెత్తకముందే మీరు జవాబు చెప్పేస్తున్నారు" అన్నారు. నాకు మొహం మాడిపోయింది. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అడ్మిట్ చేశారు. వైద్యం, మందులు, లివరు పరీక్షలు అన్నీ ఉచితమే. ఒక స్కానింగు మాత్రం బయట, 1,200. వార్డులో నేను ఊహించనివి జరిగాయి, అవి చెప్పాలి. సెలైన్ సూది కుడిచేతికి గుచ్చి, చెయ్యి కదపకుండా అట్టముక్క కట్టారు. కుడిచెయ్యి కట్టేస్తే మావాడి మాట సగం ఆగిపోయినట్టే. రెండోరోజు అడిగితే నర్సమ్మ ఎడమ ముంజేతికి మార్చారు, అడగ్గానే మార్చారు, ముందే అడగనందుకు నన్ను నేను తిట్టుకున్నాను. వణుకు వల్ల సైగలు కలిసిపోతున్నాయి, తాగినవాడి మాట ముద్దగా వచ్చినట్టు. "నీళ్లు" అంటున్నాడో "ఇంటికి" అంటున్నాడో తెలియదు. రాత్రి పదికి లైట్లు ఆర్పేస్తారు. చీకట్లో వాడికి చెప్పడానికీ వినడానికీ ఏమీ లేదు. ఒక చిన్న టార్చి కొనుక్కుని నా చేతుల మీద వేసుకుంటూ మాట్లాడాను.

సెప్టెంబరు 10 రాత్రి, తాగడం ఆగి మూడో రాత్రి, అన్నిటికంటే కష్టమైంది. మందు ఆగిన రెండు మూడు రోజులకి కొందరికి మతి చెదిరినట్టవుతుందని డాక్టరుగారు ముందే హెచ్చరించారు. వాడు చెమటలతో లేచి కూర్చుని గోడవంక చూస్తూ గోడతోనే సైగలు చేస్తున్నాడు. సూది పీకేశాడు. ఇద్దరు పట్టుకుని రెండు చేతులూ మంచానికి కట్టేశారు. వాడు నన్ను చూస్తున్నాడు, ఏమీ చెప్పలేడు. నోట్లో గుడ్డ కుక్కితే ఎలా ఉంటుందో అలా. డ్యూటీ డాక్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాను, ఒక్క చెయ్యైనా వదలండి, నేను పట్టుకుని కూర్చుంటాను అని. ఆయన ఇంజెక్షన్ ఇచ్చి, ఇరవై నిమిషాలు చూసి, కుడిచెయ్యి విప్పించారు. తెల్లారేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

15వ తేదీ, సోమవారం డిశ్చార్జి. నిద్ర మాత్రలు రోజురోజుకీ తగ్గించుకుంటూ వేసుకోవాలి, బి1 విటమిన్ మాత్రలు నెల. నాకు సెలవుల్లేవు, అప్పటికే పదకొండు రోజుల జీతం కోత. అందుకని ఒక తెల్ల అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి వాడి మిషను పైన గోడకి అంటించి వచ్చాను: "రోజూ మందు వేసుకోవాలి. మందు తాగకూడదు."

ఈ రెండు వాక్యాలు మళ్లీ ఒకసారి చదవండి.

సెప్టెంబరు 19 దాకా వాడు ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు. నాకేం తెలుసు? అమ్మకి చదువు రాదు, అట్ట ఉంది కదా అనుకుంది. మనకి మందంటే రెండూ ఒకే మాట. వాడి చేతుల్లో మాత్రకి ఒక సైగ, సారాకి దానితో ఏ పోలికా లేని ఇంకో సైగ. తెలుగు వాడికి రెండో భాష, అదీ స్కూల్లో అక్షరాలుగా నేర్పిన భాష. మందు వద్దు అని రాసి ఉంది, వద్దన్నారు కాబట్టి వేసుకోలేదు. స్ట్రిప్పులన్నీ మిషను సొరుగులో దారపు ఉండల పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. నాలుగు రాత్రులు నిద్ర లేక అల్లాడాడు, అయినా మందు జోలికి పోలేదు, రెండర్థాల్లోనూ. "రాసి చూపించండి, చదువుకుంటాడు కదా" అని అందరూ అనే సలహా ఎంత ప్రమాదమో నాకు ఆ సొరుగు చూశాక అర్థమైంది.

ఈ చిక్కు విప్పింది ఇంటర్‌ప్రిటర్‌గారు, అంటే సైగల్ని మాటల్లోకీ మాటల్ని సైగల్లోకీ మార్చి చెప్పే మనిషి. ఆయన దొరకడమే ఒక కథ. కౌన్సెలింగ్ మొదలుపెట్టాలంటే బయటి మనిషి కావాలి, అక్కయ్య వద్దు అని డాక్టరుగారు వార్డులోనే చెప్పేశారు. వాడి హాస్టల్ స్కూలు పాత మాస్టారు వస్తానన్నారు, డబ్బు కూడా వద్దన్నారు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంకొకరి పేరు చెబితే అదీ వద్దన్నాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, వినపడనివాళ్ల లోకం చాలా చిన్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ కలిపినా అందరికీ అందరూ తెలుసు. ఈరోజు మాస్టారి ముందు చెప్పింది రేపు వాళ్ల వాట్సాప్ గ్రూపులో వీడియో అయి తిరుగుతుందని వాడి భయం. చివరికి విశాఖలో ఉన్న వాడి స్నేహితుడే ఒకాయన నంబరు ఇచ్చాడు. విజయనగరం మనిషి. తల్లిదండ్రులిద్దరూ వినపడనివాళ్లే, సైగభాష ఆయనకి అమ్మ భాష. స్వయంగా వస్తే 1,500, వీడియో కాల్‌లో 600. మొదటి వీడియోలోనే సొరుగు సంగతి బయటపడింది.

సెప్టెంబరు 24, బుధవారం ఆసుపత్రికి వచ్చారు. ఓపీ రద్దీ తగ్గాక మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నారు డాక్టరుగారు, ఎందుకంటే పది నిమిషాల్లో అయ్యే పని కాదు. గదిలోకి వెళ్లగానే ఆయన కుర్చీలు మార్చారు. తాను డాక్టరుగారి పక్కన, తమ్ముడికి ఎదురుగా. కిటికీ వెలుతురు తన వీపు వెనక కాకుండా మొహం మీద పడేలా. డాక్టరుగారిని మాస్కు తీసేయమన్నారు, మొహం కూడా భాషలో భాగమేనట. "అతన్ని అడగండి అని నాతో అనకండి మేడం, నేరుగా అతనితోనే మాట్లాడండి, నేను లేననుకోండి" అన్నారు. ఇక్కడ విన్నది బయట ఎక్కడా చెప్పనని తమ్ముడికి మాటిచ్చారు. అప్పుడు తమ్ముడు ముక్కుపుడక సైగ చేసి తలుపు చూపించాడు.

ఇంటర్‌ప్రిటర్‌గారు దాన్ని గొంతుతో అన్నారు: "అప్ప బయట కూర్చోవాలి."

బయట బెంచీ మీద యాభై ఐదు నిమిషాలు కూర్చున్నాను. ఏడ్చాను, దాచుకోవడం దేనికి. వాడు పుట్టినప్పటి నుంచి వాడి నోరు నేనే. గాజు తలుపులోంచి చేతులు కనిపిస్తున్నాయి. ఇంట్లో వాడు అంత వేగంగా, అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. వాడికి అన్ని మాటలు ఉన్నాయని నాకు తెలియదు. మా మూడొందల సైగల్లో వాడు ఎప్పుడూ పిల్లాడిలాగే మాట్లాడాడు, మేమూ పిల్లాడిలాగే చూశాం.

అక్టోబరు 1న తాగుడు జోలికి పోకుండా భయం పెట్టే ఇంకో మాత్ర గురించి వచ్చింది. డైసల్ఫిరామ్. అది వేసుకుంటూ తాగితే ఒళ్లంతా ఎర్రబడి, గుండె దడ, వాంతులు, ప్రాణానికే ముప్పు రావచ్చు. నేను సంతకం పెడతానన్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే పద్ధతిలో చెప్పి తీసుకున్నదే సమ్మతి, ఆయనే నిర్ణయించాలి అన్నారు. ఆ ఒక్క మాత్ర గురించి చెప్పడానికి అరగంట పట్టిందట. ఢిల్లీలోని భారతీయ సైగభాషా కేంద్రం తయారుచేసిన నిఘంటువులో పదివేల పదాల వీడియోలున్నాయి, వాటిలో కొన్ని ఫోన్‌లో పెట్టి చూపించారు. దొరకనివాటికి ఇంటర్‌ప్రిటర్‌గారే బొమ్మ కట్టినట్టు చెప్పారు. అంతా విని తమ్ముడు ఇప్పుడు వద్దన్నాడు. మొదట మామూలు కౌన్సెలింగ్‌తో చూద్దామన్నాడు. నాకు నచ్చలేదు. కానీ వాడు అర్థమై వద్దన్న మొదటి విషయం అది.

మర్నాడు దసరా, గాంధీ జయంతి ఒకేరోజు వచ్చాయి, షాపులు మూత. ఆ రోజు గండం లేదు. దీపావళి రాత్రి, అక్టోబరు 20న మాత్రం జారిపోయాడు. తెల్లారి నేను వెళ్లేసరికి మొహం కప్పుకుని పడుకున్నాడు. తిట్టడానికి చేతులెత్తాను, దించేశాను. రెండ్రోజులకి వీడియోలో తనే డాక్టరుగారికి చెప్పుకున్నాడు, ఎంత తాగిందీ సరిగ్గా చెప్పాడట. మూడు వేళ్లు. 29వ తేదీ అపాయింట్‌మెంట్ మొంథా తుపానుతో పోయింది. విజయనగరం నుంచి ఇంటర్‌ప్రిటర్‌గారు రాలేకపోయారు. 30న వీడియో పెట్టారు గానీ సిగ్నల్ తెగి తెగి వచ్చింది. మాటైతే కాస్త తెగినా ఊహించుకోవచ్చు, బొమ్మ ఆగితే చేతులు గాల్లో నిలబడిపోతాయి, ఏమీ తెలియదు. అందుకే వీడియో చవకైనా, ముఖ్యమైన రోజుకి మనిషినే పిలిపించండి.

నవంబరు 9, ఆదివారం. అన్నం తిన్నాక వాడే నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. మీసం తిప్పాడు. నాన్న.

2023 మార్చిలో నాన్న పోయారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో. డాక్టర్లు ఆశ లేదని మాతో చెప్పారు. వాడు రోజూ అడిగేవాడు. "ఆడికి సెప్తే తట్టుకోలేడే" అంది అమ్మ. నేను బొటనవేలు పైకెత్తి చూపించేదాన్ని, బాగున్నారు, వచ్చేస్తారు అని. పదకొండో రోజు వాకిట్లో అంబులెన్సు ఆగితే వాడు నవ్వుకుంటూ ఎదురెళ్లాడు. కొత్త లుంగీ కుట్టి ఉంచాడు నాన్నకి.

ఇది వాడు నాతో చెబుతున్నాడు, నాకు తెలియనట్టు. నిజానికి నాకు తెలియదు. లుంగీ సంగతి తెలుసు, వాడు దాన్ని రెండున్నరేళ్లు ఎలా మోశాడో తెలియదు. ఆ రాత్రి వార్డులో గోడలోంచి చేతులు వచ్చాయట. గోడ నిండా చేతులు, అన్నీ మీసం తిప్పుతున్నాయి, అన్నీ బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాయి. చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయా అని డాక్టరుగారు అడిగినప్పుడు నేను వాడి దాకా చేర్చి ఉంటే, వినిపించడం కాదు, రాత్రుళ్లు అలాంటివి కనిపిస్తున్నాయని ముందే చెప్పేవాడు. ఇవన్నీ నా నోటి ద్వారా ఎలా చెప్పగలడు? బొటనవేలు ఎత్తిందే నేను.

క్షమించమని అడగడానికి మా ఇంటి సైగల్లో సైగ లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. చేతులు పట్టుకున్నాను. వాడు విడిపించుకుని, స్కూలు భాషలో ఆ మాట ఎలా అంటారో చూపించాడు. నేను దాన్ని అలాగే చేశాను, మెల్లగా, తప్పుల్తో.

ఇప్పటిదాకా ఖర్చు 33,000 దాకా అయింది. ఆసుపత్రి వైద్యానికి దాదాపు ఏమీ కాలేదు. సెంటరుకీ, కార్లకీ పోయింది పోగా ఎక్కువైంది ఇంటర్‌ప్రిటర్‌గారికే, ఆరుసార్లు వచ్చారు, ఐదుసార్లు వీడియో, 12,000. ఆయన తీసుకున్నది ఎక్కువని నేననను. అది మా జేబులోంచి ఎందుకు పోవాలన్నదే నా ప్రశ్న. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మనుషులు మాట్లాడుకునే పద్ధతుల్లో సైగభాష కూడా ఉంది అని ఆయనే చెప్పారు. నవంబరు 24న సోమవారం అర్జీల రోజు కలెక్టరేట్‌కి వెళ్లి, మానసిక వైద్యం ఓపీకి వారంలో ఒక్క పూటైనా ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టమని రాసిచ్చాను. డాక్టరుగారు కూడా ఆసుపత్రి పెద్దలకి ఒక లెటర్ పెట్టారు. మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఉంటే మీరూ ఒక అర్జీ రాయండి, ఒక్కటే కాగితమైతే పక్కన పడుతుంది.

షాపు ఓనరు డిసెంబరు మొదటి వారం నుంచి పూటపని ఇచ్చారు, గుండీలు, కాజాలు. కత్తెర ఇంకా ఇవ్వలేదు. పొద్దున్న లేవగానే చెయ్యి చాపి వణుకు ఉందా అని అమ్మకి చూపిస్తాడట. నేను ఆదివారాలు వాడి దగ్గర స్కూలు భాష నేర్చుకుంటున్నాను, నలభై మాటలు వచ్చాయి. మాత్రకీ సారాకీ వేరువేరు సైగలు ముందు నేర్చుకున్నాను.

తర్వాతి అపాయింట్‌మెంట్ డిసెంబరు 17, బుధవారం, మధ్యాహ్నం రెండింటికి. బస్సులో పక్కనే వెళతాను. బెంచీ బయట ఉంటుంది.